నడివయసులో తీపిపై మక్కువ

తెలుగువారి నోట తీపి అను మాట నాలుక రుచితో ఆగిపోలేదు. తల్లికి బిడ్డలపైగల ప్రేమ కడుపుతీపి. ఎంతటి వృద్ధునికైనను ప్రాణము తీపి. ఇంట శుభకార్యము కుదిరినచో పదిమందికి నోరు తీపి చేయుదుము. చేదునకు గాని, వగరునకు గాని, పులుపునకు గాని మన భాషలో ఇట్టి గౌరవము దక్కలేదు. ఆరు రుచులను లెక్కించునపుడు మన వైద్యశాస్త్రములు మొట్టమొదట పేర్కొన్నది మధురమునే.

ఇంత ప్రియమైన రుచి నలుబదియైదేండ్లు దాటిన స్త్రీకి తరచుగా ఒక చిక్కుసమస్య యగుచున్నది. తీపి తగ్గించుమని వైద్యుడు చెప్పును. తగ్గించవలెననియే ఆమెయు నిశ్చయించుకొనును. ఉదయము చేసికొన్న నిశ్చయము సాయంకాలము నాలుగు గంటల వరకు చక్కగా నిలుచును. అటుపిమ్మట చేయి తనంతట తానే అలమరలోని డబ్బా వైపు పోవును. రాత్రి అందరును పడుకొన్న తరువాత మరియొకసారి. మరునాడు పశ్చాత్తాపము, మరల నిశ్చయము. ఇంటివారు చూచి, నోరు కట్టుకొనలేని మనిషి యని నవ్వుదురు. కొంతకాలమునకు ఆమెయు ఆ మాటను నమ్మును.

ఈ నిందలో నిజమెంత? తీపిని జయింపలేకపోవుట మనోబలము లేకపోవుటయేనా? లేక ఆ వయసున ఆమె శరీరమును, ఆమె దినచర్యయు కలిసి ఆమెను ఆ డబ్బా వైపు నెట్టుచున్నవా? ఈ ప్రశ్న బోధకులకును విద్యార్థులకును కూడ సంబంధించినదే. మన పాఠశాలలలో పాఠములు చెప్పు ఉపాధ్యాయినులలో పెక్కుమంది ఆ వయసువారు. విద్యార్థుల తల్లులలో ననేకులు ఆ వయసును సమీపించుచున్నవారు.

పుట్టుకతో వచ్చిన రుచి

తీపిని కోరుట ఒకరు నేర్పగా నేర్చుకొన్న అలవాటు కాదు. అప్పుడే పుట్టిన శిశువు నాలుకపై చక్కెరనీటి బొట్టు వేసినచో ముఖము విప్పారును. చేదుబొట్టు వేసినచో మొగము చిట్లించి నాలుకతో వెలికి నెట్టును. శిశువునకు దొరకు మొదటి ఆహారమగు తల్లిపాలలో నూటికి ఏడు వంతుల వరకు లాక్టోజు అను చక్కెర కలదు. అడవిలో ఆహారము వెదకికొనుచు తిరిగిన ఆదిమానవునకు తీపి పండిన పండునకు గుర్తు, బలమిచ్చు తిండికి గుర్తు. చేదు విషమునకు గుర్తు. తీపి దొరికినపుడు కడుపునిండ తిన్నవాడు కరవుకాలమును దాటగలిగెను. మనమందరము అట్టివారి సంతతియే. మధురరసము శరీరమునకు సరిపడునదని చెప్పిన చరకసంహితయే, దానిని మితిమీరి సేవించినచో స్థూలత్వము, మాంద్యము మొదలగు దోషములు కలుగునని హెచ్చరించినది.

ఆ కాలమున తీపి అరుదు. తేనె కావలెనన్నచో తేనెటీగల కాటునకు ఓర్వవలెను. చెరకు నమిలి రసము పీల్చుటకు దవడలు నొప్పి పుట్టును. ఆ రసమును కాచి బెల్లముగను, తరువాత పలుకుపలుకుగా విడివడు చక్కెరగను మార్చు విద్య మన దేశమున పుట్టి లోకమంతట వ్యాపించినది. సంస్కృతమున శర్కర యనగా మొదట గులకపలుకు, ఇసుకరేణువు. పోలికచేత ఆ పేరు తీపిపలుకులకు వచ్చినది. ఆ శర్కరయే ప్రాకృతము మీదుగా మనకు చక్కెర యైనది. పారసీకమున షకర్, అరబ్బీలో సుక్కర్, ఆంగ్లమున షుగర్ అయినది. వస్తువు పోయిన దారిని పేరును పోయినది. బోధనులో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారము మూతపడినను, దాని ఆశ్రయమున వెలసిన శక్కర్‌నగర్ పేరు నిలిచియున్నది.

మన తాతల కాలమున పిండివంట పండుగనాటి వస్తువు. నేడు కిలో చక్కెర వీథి చివరి కొట్టులో ఏ వేళనైనను దొరకును. దేశము మారినది; అంగడి మారినది; శరీరము మాత్రము కరవునాటి శరీరమే. తీపి కనబడినపుడు వద్దనుట దానికి తెలియదు. ఇది స్త్రీపురుషులకు సమానము. స్త్రీకి నడివయసున వచ్చు విశేషమును గ్రహించుటకు ముందు, తీపి మన లోపల ఎంత లోతున పనిచేయునో తెలిసికొనవలెను.

నాలుకయే కాదు, కడుపును ఎరుగును

తీపిని గుర్తించునది నాలుక యొక్కటియే యని చాలకాలము అందరును భావించిరి. నాలుకను మరపించినచో కోరిక తీరునను ఆశతోనే చక్కెర కాని తీపిపదార్థములు అంగడికి వచ్చినవి. అవి తీయగానే యుండును. ఐనను, అవి కలిపిన టీ త్రాగిన పిమ్మట ఏదియో వెలితిగా నున్నదని పెక్కుమంది చెప్పుదురు.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చార్లెస్ జూకర్ బృందము చిట్టెలుకలపై చేసి 2020లో ప్రకటించిన పరిశోధన ఈ వెలితికి కారణమును చూపినది. రెండు సీసాలలో ఒకదానియందు చక్కెరనీరు, రెండవదానియందు కృత్రిమమైన తీపి కలిపిన నీరు ఉంచిరి. మొదట చిట్టెలుకలు రెండింటిని త్రాగినవి. రెండుదినములు గడచునప్పటికి దాదాపుగా చక్కెరనీటి వైపే మరలినవి. నాలుకకు తీపి తెలియకుండ పుట్టించిన చిట్టెలుకలు సైతము అట్లే చక్కెరను ఎంచుకొన్నవి. చిన్నప్రేవులలోని కొన్ని కణములు చక్కెరను గుర్తించి, వేగస్ అను నాడి ద్వారా మెదడునకు వార్త పంపుచున్నవి. ఆ వార్త పోవు మార్గమును అడ్డగించినపుడు చిట్టెలుకలకు చక్కెరపై ప్రత్యేకమైన మక్కువ పోయినది.

చిట్టెలుకలలో తేలినదంతయు మనుష్యులకు యథాతథముగ వర్తించునని చెప్పరాదు. కాని శరీరము చక్కెరను నోటితో మాత్రమే గాక కడుపుతో కూడ ఎరుగునని ఈ ప్రయోగము స్పష్టము చేసినది. కడుపుతీపి యను మన మాటకు శాస్త్రజ్ఞులు తమకు తెలియకుండగనే మరియొక అర్థమును సమకూర్చిరి.

ఆ వార్త మెదడున చేరినపుడు డోపమైను అను రసాయనము విడుదల యగును. ఇది సంతోషమునకు సంబంధించినది మాత్రమే కాదు. ఏ వేళ, ఏ చోట, ఏ పని తరువాత ఆ సంతోషము దొరికినదో గుర్తు పెట్టించునది. అందుచేతనే బడి వదలిన గంట విన్నంతనే మిఠాయి జ్ఞాపకము వచ్చును. టీ గ్లాసు చేతికి వచ్చినంతనే బిస్కత్తు కొరకు కన్నులు వెదకును. కోరిక ఆకలికంటె ముందే లేచును.

నడివయసున జరుగు మార్పులు

మన దేశమున స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాంతమున ముట్లుడుగును. పాశ్చాత్య దేశములలో ఇది 51 ఏండ్ల ప్రాంతము. ఒకనాటితో జరిగిపోవునది కాదిది. అంతకు కొన్ని సంవత్సరముల ముందునుండియే ఈస్ట్రొజెన్ అను హార్మోను ఒకనాడు హెచ్చుచు, ఒకనాడు తగ్గుచు, తుదకు క్షీణించును. ఈ హార్మోను పని గర్భాశయముతో ముగియదు. ఎముకలు, రక్తనాళములు, నిద్ర, మనసు, శరీరము చక్కెరను వాడుకొను తీరు, అన్నిటియందును దానికి పాత్ర కలదు.

మనము తిన్న అన్నము గ్లూకోజుగా మారి రక్తమున చేరును. దానిని కండరములలోనికి పంపుటకు క్లోమము ఇన్సులిన్‌ను స్రవించును. ఈస్ట్రొజెన్ తగ్గినకొలది శరీరము ఇన్సులిన్ మాటను మునుపటివలె వినదు. క్రొవ్వు తుంటిభాగమునుండి పొట్ట వైపు మరలును. వయసుతోపాటు కండరమును తరుగును. గ్లూకోజును ఎక్కువగా వాడుకొనునది కండరమే కనుక, అది తరిగినచో గ్లూకోజునకు పోవు చోటును తగ్గును. ముప్పదియేండ్ల వయసున తిన్న తిండినే ఏబదియేండ్ల వయసునను తినుచున్నాను, ఒళ్లు మాత్రమెందుకు వచ్చుచున్నదని స్త్రీలు వేయు ప్రశ్నకు ఇందులో కొంత సమాధానము కలదు.

ఇక మధ్యాహ్నపు కోరిక. పండ్రెండున్నరకు తెల్లని అన్నము ఎక్కువగను, పప్పుకూరలు తక్కువగను తిన్నచో రక్తమున గ్లూకోజు వేగముగ పెరిగి, వేగముగ దిగును. భోజనమైన రెండు మూడు గంటలకు గ్లూకోజు మిక్కిలి దిగిపోవువారికి ఆకలి అధికమగునని 2021లో ప్రకటితమైన ఒక పరిశీలనలో తేలినది. పాఠశాలలో చివరి పీరియడు వేళకు ప్రాణము ఉసూరుమనుటకు అలసట యొక్కటియే కారణము కాదన్నమాట.

వీటన్నిటికంటె బలమైనది నిద్రలేమి. ముట్లుడుగు కాలమున పెక్కుమందికి అర్ధరాత్రి ఒక్కసారిగ ఒళ్లంతయు వేడెక్కి చెమటలు పట్టి మెలకువ వచ్చును. మరల నిద్ర పట్టదు. నిద్ర తరిగినచో తిండిపై నేమగును? అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున జరిగి 2004లో ప్రకటితమైన పరిశోధనలో పండ్రెండుగురు ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకొననిచ్చిరి. తృప్తిని తెలుపు లెప్టిన్ నూటికి 18 వంతులు తగ్గినది. ఆకలిని రేపు గ్రెలిన్ 28 వంతులు పెరిగినది. మిఠాయిలు, ఉప్పు తిండ్లు, పిండిపదార్థములు వారు ఎక్కువగా కోరిరి. వారు నిండు ఆరోగ్యముగల యువకులు. నిద్ర చెడినది రెండు రాత్రులు మాత్రమే. ఏబదియేండ్ల స్త్రీకి నిద్ర నెలల తరబడి చెడును. ఆమెకు తీపిపై మనసు పోవుటను విడ్డూరమనగలమా?

అందరు స్త్రీలకును ఇది ఒకే తీరున ఉండదు. కొందరికి ఏ బాధయు లేకయే ఆ కాలము గడచిపోవును. ఋతువిరతియే నేరుగ తీపికోరికను పుట్టించుననుటకంటె, నిద్రను చెరచి, మనసును కలచి, శరీరము చక్కెరను వాడుకొను పద్ధతిని మార్చి, పాతకోరికకు బలము చేకూర్చుననుట సమంజసము.

ఇంటి ఏర్పాటు

శరీరము సగము కథయే. మిగిలిన సగము మన ఇండ్లలో నున్నది. ఉద్యోగము చేయు గృహిణి తెల్లవారుజామున ఐదింటికి లేచును. కడుపులో మొదట పడునది చక్కెర వేసిన కాఫీయో, టీయో. అందరికిని ఫలహారము పెట్టి, డబ్బాలు సర్ది, తాను నిలువుకాళ్లపై రెండు ముద్దలు మ్రింగును, లేదా మానును. మధ్యాహ్నము డబ్బా అన్నము. సాయంకాలము ఇల్లు చేరినంతనే మరల వంటిల్లు. పిల్లలు వదలినది పారవేయుటకు మనసొప్పక తానే తినును. అందరికంటె చివర కూర్చుండును. కూర అడుగంటినచో ఆమె విస్తరిలోనికి పచ్చడియు మజ్జిగయు వచ్చును. పప్పును పెరుగును చాలినంత దొరకని కడుపు రాత్రి పదింటికి తీపిని అడుగును.

దీనికి తోడు శనివారమనియు సోమవారమనియు ఒక్కపొద్దులు. పగలంతయు ఖాళీగా నున్న కడుపు రాత్రి ఫలహారమున ప్రతీకారము తీర్చుకొనును. నోముల వాయనములు, గుడి ప్రసాదములు, పేరంటముల మిఠాయిలు వద్దనుట మర్యాద కాదు. బందరునుండి వచ్చినవారు లడ్డు తెత్తురు. ఆత్రేయపురమునుండి వచ్చినవారు పూతరేకులు తెత్తురు. తాపేశ్వరము వారు కాజాలు తెత్తురు. ఈ పిండివంటలు మన సంస్కృతికి అలంకారములు. బందరు లడ్డునకు 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించుట మనకు గర్వకారణమే. వాటిని నిందించుట నా ఉద్దేశము కాదు. చిక్కు పండుగనాటి పూతరేకుతో లేదు. ప్రతిదినము లెక్కకు రాని చెంచాలతో నున్నది.

లెక్క చూతము. వేరుగ చేర్చిన చక్కెర, తేనె, పండ్లరసములు మొదలగువాటిలోని చక్కెర మొత్తము దినపు శక్తిలో నూటికి పది వంతులు మించరాదనియు, ఐదు వంతులకు, అనగా సుమారు 25 గ్రాములకు తగ్గించుకొనుట మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. దినమునకు నాలుగు గ్లాసుల టీ, గ్లాసునకు రెండు చెంచాలు, చెంచాకు నాలుగు గ్రాములు: మొత్తము 32 గ్రాములు. మిఠాయి ఒక్కటియు ముట్టకయే పరిమితి దాటినది!

అన్నిటికంటె ముఖ్యమైన విషయమింకొకటి. ఇంటిలో పురుషునకు అరుగు మీది ముచ్చట్లున్నవి, పిల్లలకు ఆటలున్నవి. ఆ స్త్రీకి ఒకరి అనుమతి లేకుండ, ఒకరి వేళను చెడగొట్టకుండ, రెండు నిముషములలో దొరకు సుఖము డబ్బాలోని మిఠాయి. ఆమె చేయి పోవునది తీపికొరకేనని మనమనుకొందుము. పెక్కుమార్లు అది విశ్రాంతికొరకు. విశ్రాంతి దొరకదు, మిఠాయి దొరకును.

ఉపేక్షింపరాని సంగతి

ఐనచో కోరినంత తిననిమ్మని కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటితమైన సర్వేక్షణ ప్రకారము మన దేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహముతో నున్నారు. వయోజనులలో నూటికి 11.4 వంతులు. మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని గడపలో నిలిచియున్నారు. గర్భిణిగా నున్నపుడు చక్కెర పెరిగిన స్త్రీకి తరువాతి కాలమున మధుమేహము వచ్చు ప్రమాదము తక్కినవారికంటె ఏడింతలు అధికమని పెక్కు పరిశోధనలను కలిపి 2009లో లెక్కగట్టిరి. కాన్పుతో అది పోయినదని మరచినవారు నలుబదియైదవ యేట పరీక్ష చేయించుకొనుట అవశ్యము. ఈ వ్యాధి మొదట నొప్పి కలిగింపదు. కన్నును, మూత్రపిండమును, గుండెను నిశ్శబ్దముగ తినివేయును.

పనికిరాని మందులు, పనికివచ్చు మార్గములు

రేపటినుండి తీపి ముట్టనని ఒట్టు పెట్టుకొనుట మొదటి పొరపాటు. ఒట్టు తప్పిన దినమున ఎట్లును తప్పినది గదా యని డబ్బా ఖాళీ యగును. చక్కెర మాని బెల్లము తినుట రెండవది. బెల్లమున లోహధాతువులు కొలదిగ నున్నమాట నిజమే; కాని అందు అత్యధికభాగము చక్కెరయే. తేనెయు అంతియే. పండ్లరసమునకంటె పండును కొరికి తినుట మేలు. పీచు ఉండుటచేత చక్కెర మెల్లగ రక్తమున చేరును.

కోరిక వచ్చిన పిమ్మట దానితో పోరాడుటకంటె, అది వచ్చు దారిని మూయుట సులభము. ఉదయము నిండుగ తినవలెను. పెసరట్టు, గ్రుడ్డు, ఉడికించిన శనగలు, పెరుగు వంటి మాంసకృత్తులున్న ఆహారము ఆకలిని చాలసేపు ఆపును. మధ్యాహ్నము డబ్బాలో అన్నము కొంత తగ్గించి పప్పును కూరను పెంచవలెను. నాలుగు గంటలకు ముందుగనే గుప్పెడు వేరుసెనగలో, శనగలో చేతి సంచిలో నుండవలెను. టీలో చక్కెరను ఒక్కసారిగ మానక, వారమునకు పావుచెంచా వంతున తగ్గించినచో కొన్ని వారములలో నాలుక ఆ తక్కువతీపికే అలవాటుపడును. తీపి తినదలచిననాడు ఖాళీకడుపున గాక భోజనము చివర, కూర్చుండి, ఒకటి తినవలెను. తరువాత పది పదునైదు నిముషములు నడువవలెను. నడచు కండరము ఇన్సులిన్ సహాయము అంతగా లేకయే గ్లూకోజును గ్రహించును. బరువులెత్తు వ్యాయామము వయసుతో తరుగు కండరమును నిలబెట్టును. అది యువకుల సొత్తు కాదు.

నిద్ర చెడుచున్నచో సిగ్గుపడక వైద్యురాలికి చెప్పవలెను. వేడి ఆవిరులకు చికిత్స కలదు. పరగడుపున చేయు రక్తపరీక్షయు, మూడునెలల సగటును తెలుపు పరీక్షయు ఏటేట చేయించుకొనుట మంచిది. భర్తకు, అత్తమామలకు పరీక్షలు చేయించు ఇల్లాలు తన పేరును ఆ చీటీలో వ్రాయించుకొనవలెను.

ఐతే ఈ సలహాలలో సగము ఆమె చేతిలో లేవు. ఉదయము కూర్చుండి తినవలెనన్నచో ఎవరో ఒకరు డబ్బాలు సర్దవలెను. భోజనమైన పిమ్మట నడువవలెనన్నచో గిన్నెలు మరియొకరు కడుగవలెను. రాత్రి పది గంటలకు ఆమె పడుకొనవలెనన్నచో మరునాటి కూరగాయలు తరుగుటకు ఇంకొక చేయి కావలెను. వైద్యుడు చీటీపై వ్రాయలేని మందు ఇది.

విద్యార్థులారా, మీ ఇంట తల్లి దొంగచాటుగ బెల్లపుముక్క నోట వేసికొన్ననాడు నవ్వకుడు, మందలింపకుడు. ఆమె ఆ దినమున ఎన్ని గంటలు నిద్రించినదో, ఉదయము ఏమి తిన్నదో అడుగుడు. రాత్రి భోజనమునకు ఆమెను మీతోపాటు కూర్చుండబెట్టి, పప్పు మొదట ఆమెకు వడ్డింపుడు. తరువాత గిన్నెలు మీరు కడిగి, ఆమెను వీథి చివరివరకు నడిచి రమ్మని పంపుడు. ఉపాధ్యాయినులు తమ విశ్రాంతిగదిలో పుట్టినరోజు మిఠాయిల పళ్లెము ప్రక్కన వేయించిన శనగల పళ్లెమును ఉంచుకొనవచ్చును. నిద్రపట్టని రాత్రులను గూర్చి ఒకరితోనొకరు మాటలాడుకొనవచ్చును. ఇంతకాలమును ఒంటరిగా, సిగ్గుతో చేయుచు వచ్చిన ఈ పోరాటమున ఆమెకు తోడు దొరకినచో, నాలుగు గంటలకు ఆ డబ్బా మూత తీయవలసిన అవసరము చాలదినములు కలుగదు.